పాత గేమ్ కొత్త విండోస్‌లో ఎందుకు ఆడదు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. విశాఖపట్నానికి ఆ తేదీ ఇంకో రకంగా గుర్తుంటుంది. ఇక్కడ గూగుల్ పెట్టబోయే భారీ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది ఆ రోజే. దాని గురించి ఊరంతా మాట్లాడుకుంది. విండోస్ సంగతి మాత్రం ఇళ్లలో నెమ్మదిగా తెలిసొచ్చింది. ఎనిమిదో తరం కన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లకు, ఏవో కొన్ని తప్ప, విండోస్ 11 అధికారికంగా రాదు. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కూడా ఉండాలి. ఇవి లేని కంప్యూటర్ ఉన్నవాళ్లు డైమండ్ పార్కు, డాబాగార్డెన్స్ వైపు షాపుల్లో కొత్త ల్యాప్‌టాప్ ధరలు కనుక్కోవడం మొదలుపెట్టారు.

కొత్తది ఇంటికొచ్చాక బీరువా పైనుంచి సీడీల పౌచ్ దిగుతుంది. జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల కొన్నవి, స్నేహితుడి దగ్గర తెచ్చుకుని తిరిగివ్వనివి, అప్పట్లో కంప్యూటర్‌తో పాటు షాపువాళ్లు చేతిలో పెట్టినవి అందులో ఉంటాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, నీడ్ ఫర్ స్పీడ్, ఐజీఐ, వైస్ సిటీ, క్రికెట్ 07. వీటిలో ఒకటి శుభ్రంగా నడుస్తుంది. ఒకటి ఇన్‌స్టాలే కాదు. ఇంకొకటి తెరుచుకుంటుంది గానీ గడ్డి ఎర్రగా, నీళ్లు ఊదారంగులో కనిపిస్తాయి. మరొకటి సీడీ డ్రైవ్‌లో ఉండగానే సీడీ పెట్టమని అడుగుతుంది.

"కొత్త విండోస్ పాత గేముల్ని సపోర్ట్ చేయదు" అనే ఒక్క మాటతో వీటన్నిటినీ తేల్చేయడం సరికాదు. ఆడని మూడింటికీ మూడు వేర్వేరు కారణాలున్నాయి. కొన్నిటిని దాదాపు ఎప్పటికైనా బాగుచేయొచ్చు, కొన్నిటిని గేమ్ కంపెనీ తలుచుకుంటే తప్ప బాగుచేయలేం. ఏది ఏ రకమో తెలిస్తే ఏ గేమ్ మీద ఆశ పెట్టుకోవచ్చో తెలుస్తుంది.

## గేమ్ ఒంటరిగా నడవదు

ఏ గేమూ తనంతట తాను తెర మీద బొమ్మ వేయదు, హార్డ్ డిస్క్ నుంచి ఫైల్ తీయదు. ప్రతిదానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ఇక్కడైతే విండోస్‌ను, అడుగుతుంది. "ఈ ఫైల్ తెరువు", "తెరను 640 బై 480కి మార్చు", "ఇప్పుడు టైమ్ ఎంత". ఇలా అడగడానికి ముందే ఖాయం చేసిన పద్ధతుల్నే ఏపీఐ అంటారు. ఇరవై ఏళ్ల కిందట అడిగిన పద్ధతిలోనే ఇవాళ అడిగినా అదే జవాబు రావడాన్ని బ్యాక్‌వర్డ్ కంపాటబిలిటీ అంటారు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు కింద ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, వాటిని నడిపే డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. గేమ్‌కు పైన, అంటే ఆటకు నేరుగా సంబంధం లేకుండా, ఇంకో రెండు ఉంటాయి. సీడీ అసలుదో కాదో చూసే తాళం ఒకటి, ఆన్‌లైన్‌లో ఆడాలంటే కంపెనీ నడపాల్సిన సర్వర్ ఒకటి. వీటిలో ఏ ఒక్కటి మారినా యూజర్‌కు కనిపించేది ఒకటే, గేమ్ ఆగిపోవడం. అందుకే ఇంత గందరగోళం.

## 16, 32, 64: బిట్ల లెక్క

బిట్ల సంఖ్య, ప్రాసెసర్ ఒక్కసారిగా ఎంత పెద్ద అంకెను పట్టుకోగలదో చెబుతుంది. 16 బిట్లలో 65,536 విలువలు పడతాయి. 32 బిట్లలో సుమారు 429 కోట్లు. విండోస్‌కు ముందున్న ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ గేములు, విండోస్ 3.1 ప్రోగ్రాములు ఎక్కువగా 16 బిట్ కాలానివి. 1995లో విండోస్ 95 వచ్చాక గేములు 32 బిట్‌కు మారాయి. మన పౌచ్‌లోని సీడీల్లో అత్యధికం ఈ రకానివే.

64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములు నడవడానికి వావ్64 అనే పొర ఉంది. అది చాలా బాగా పనిచేస్తుంది. అందుకే 2003 నాటి గేమ్ 2025 ల్యాప్‌టాప్‌లో తెరుచుకున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. 16 బిట్ ప్రోగ్రాములకు మాత్రం 64 బిట్ విండోస్‌లో చోటు లేదు. విండోస్ 10కు 32 బిట్ వెర్షన్ ఉండేది కాబట్టి అందులో అవి నడిచేవి. మామూలు పీసీల కోసం విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో. కాబట్టి విండోస్ 10 సపోర్ట్ ముగియడంతో ఇళ్లలో వాడే విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములకు అధికారిక దారి కూడా ముగిసింది. ఈ వార్తలో పెద్దగా ఎవరూ పట్టించుకోని భాగం ఇది.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటుంది. 1990ల చివర్లో గేమ్ 32 బిట్‌దే అయినా, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ తరచూ 16 బిట్‌ది. డబుల్ క్లిక్ చేయగానే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అని వస్తుంది. చూసినవాళ్లు గేమ్ పనికిరాదనుకుంటారు. నిజానికి లోపలికి తెచ్చే దారి మూసుకుపోయింది, గేమ్‌కు ఏమీ కాలేదు. మైక్రోసాఫ్ట్‌కు ఈ సంగతి తెలుసు. అప్పట్లో ఎక్కువ వాడకంలో ఉన్న ఇన్‌స్టాల్‌షీల్డ్ అనే ఇన్‌స్టాలర్ వెర్షన్లు కొన్నిటిని గుర్తుపట్టి, వాటి బదులు 32 బిట్ ఇన్‌స్టాలర్‌ను నడిపే ఏర్పాటు 64 బిట్ విండోస్‌లోనే పెట్టింది. ఆ జాబితాలో లేని ఇన్‌స్టాలర్లు ఆగిపోతాయి.

64 బిట్ ప్రాసెసర్ మీద 16 బిట్ కోడ్ నడవడం అసాధ్యమని కొందరు రాస్తుంటారు. అది సగమే నిజం. డాస్ ప్రోగ్రాముల కోసం పాత విండోస్ వాడిన ప్రాసెసర్ మోడ్ 64 బిట్‌లో లేదు, అది నిజం. కానీ విండోస్ 3.1 తరహా 16 బిట్ ప్రోగ్రాములను లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ 64 బిట్ వెర్షన్‌లో వైన్ అనే సాఫ్ట్‌వేర్ నడుపుతోంది. అంటే కొంతవరకు ఇది హార్డ్‌వేర్ అడ్డు, కొంతవరకు మైక్రోసాఫ్ట్ తీసుకున్న నిర్ణయం.

## అంకె పట్టక వచ్చే ఎర్రర్లు

బిట్ల లెక్క ఇంకో చోట కూడా తగులుతుంది. టెరాబైట్ డిస్క్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో పాత ఇన్‌స్టాలర్ "డిస్క్‌లో చోటు చాల్లేదు" అనడం చాలామంది చూసే ఉంటారు. ఖాళీ చోటును 32 బిట్ల అంకెలో, మైనస్ విలువలు కూడా పట్టేలా దాచే ఇన్‌స్టాలర్‌ను తీసుకుందాం. అలాంటి అంకె గరిష్ఠంగా 214 కోట్ల 74 లక్షల వరకే, అంటే 2 జీబీకి ఒక్క బైట్ తక్కువ వరకే పోగలదు. ఖాళీ చోటు 3 జీబీ ఉంటే ఆ అంకె తిరగబడి మైనస్ 1 జీబీ అవుతుంది. 5 జీబీ ఉంటే 4 జీబీ దగ్గర మళ్లీ మొదటికొచ్చి 1 జీబీగా కనిపిస్తుంది. సరిగ్గా 500 జీబీ ఖాళీ ఉంటే సున్నా. ఎందుకంటే 500ను 4తో భాగిస్తే శేషం మిగలదు. ఈ లెక్కన ఇవాళ ఎక్కని గేమ్, రేపు ఏవో సినిమాలు కాపీ చేసుకున్నాక ఎక్కొచ్చు. ఇది మాయ కాదు, కూడికల తప్పు.

## స్పీడ్ పెరగడమే సమస్య అయిన కాలం

డాస్ రోజుల్లో కొన్ని గేములు గడియారం చూసుకోకుండా ప్రాసెసర్ ఎంత వేగంగా పోతే అంత వేగంగా ఆడేవి. రాసినవాళ్ల దగ్గరున్న కంప్యూటర్ స్పీడే గేమ్ స్పీడ్. పదేళ్ల తర్వాత వచ్చిన మెషీన్‌లో అదే గేమ్ పెడితే కన్ను మూసి తెరిచేలోపు పాత్ర చచ్చిపోతుంది.

దీనికి అందమైన ఉదాహరణ బోర్లాండ్ పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కొన్ని ప్రోగ్రాముల "రన్‌టైమ్ ఎర్రర్ 200". మొదలవగానే ఆ ప్రోగ్రామ్ 55 మిల్లీసెకన్లలో ప్రాసెసర్ ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టుకుని, ఆ సంఖ్యను 55తో భాగించి, ఫలితాన్ని 16 బిట్లలో దాచుకునేది. 16 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 65,535. దాన్ని 55తో గుణిస్తే సుమారు 36 లక్షలు. ప్రాసెసర్ 55 మిల్లీసెకన్లలో 36 లక్షల చుట్లు దాటలేనంత కాలం బాగానే ఉంది. 200 మెగాహెర్ట్జ్ ప్రాంతపు ప్రాసెసర్లు వచ్చాక దాటేసింది. భాగహారం ఫలితం పట్టలేదు, ప్రోగ్రామ్ మొదట్లోనే కుప్పకూలింది. రాసినవాళ్లు అడ్డదిడ్డంగా ఏమీ రాయలేదు. కంప్యూటర్లు అంత తొందరగా అంత వేగం పుంజుకుంటాయని లెక్కవేయలేదు, అంతే.

ఈ తరహా గేములకు జవాబు ఎమ్యులేటర్. 2002లో మొదలైన డాస్‌బాక్స్, పాత కంప్యూటర్ మొత్తాన్ని సాఫ్ట్‌వేర్‌లో తయారుచేస్తుంది. ప్రాసెసర్, సౌండ్ బ్లాస్టర్ కార్డు, తెర అన్నీ అందులో నకలే. ఎంత వేగంగా నడవాలో మనమే నిర్ణయించొచ్చు. బయట విండోస్ 11 ఉన్నా, లినక్స్ ఉన్నా లోపల గేమ్‌కు కనిపించేది 1990ల డాస్ మెషీనే. విచిత్రం ఏమిటంటే, ఈ కారణంగా 1990 నాటి డాస్ గేమ్‌ను నడపడం 2005 నాటి విండోస్ గేమ్‌ను నడపడం కన్నా తేలిక. డాస్ చిన్నది, ఎదుగుదల ఆగిపోయింది, దాన్ని పూర్తిగా నకలు చేయొచ్చు. విండోస్ ఇంకా మారుతూనే ఉంది.

## రంగులు, బొమ్మ

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం 1999లో వచ్చింది. ఒకేసారి 256 రంగులు మాత్రమే వాడే పద్ధతి దానిది. ఏ 256 అనేది ఒక పట్టికలో ఉంటుంది, దాన్ని ప్యాలెట్ అంటారు. విండోస్ 7లో గేమ్ ఆడుతుండగా వెనకాల డెస్క్‌టాప్ కూడా ఆ పట్టికలో వేలు పెట్టేది. 37వ నంబర్ దగ్గర ఆకుపచ్చ ఉండాల్సిన చోట ఎరుపు వచ్చి కూర్చుందనుకోండి, 37 అని రాసి ఉన్న గడ్డంతా ఎర్రబడుతుంది. గేమ్‌లో ఏ తప్పూ లేదు, పట్టిక చేతులు మారింది. నెట్ సెంటర్లలో ఎక్స్‌ప్లోరర్‌ను మూసేసి గేమ్ తెరిచే చిట్కా అప్పట్లో పాకిపోయింది ఇందుకే. డెస్క్‌టాప్ లేకపోతే పట్టికను మార్చేవాళ్లు ఉండరు.

అప్పటి త్రీడీ గేముల్లో కొన్ని గ్లైడ్ అనే పద్ధతిని వాడేవి. అది 3డీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ కార్డులకు మాత్రమే తెలిసిన భాష. నీడ్ ఫర్ స్పీడ్ రెండో భాగం స్పెషల్ ఎడిషన్‌లో బొమ్మ బాగా కనిపించేది ఆ కార్డుతోనే. 2000 డిసెంబర్‌లో ఆ కంపెనీ ఆస్తుల్ని ఎన్‌విడియా కొనేందుకు ఒప్పందమైంది, గ్లైడ్ కథ ముగిసింది. ఇవాళ ఏ కార్డుకూ ఆ భాష రాదు. అయినా ఆ గేములు బతికున్నాయి. ఎన్‌గ్లైడ్, డీజీవూడూ లాంటి చిన్న ప్రోగ్రాములు గ్లైడ్‌లో అడిగినదాన్ని ఇవాళ్టి గ్రాఫిక్స్ భాషలైన డైరెక్ట్‌ఎక్స్‌లోకో వల్కన్‌లోకో మార్చి చెబుతాయి. వీటిని ర్యాపర్లు అంటారు. డైరెక్ట్‌డ్రా అనే పాత పద్ధతి వాడే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటి గేముల రంగుల సమస్యకు కూడా ఇవాళ ఎక్కువమంది వాడేది ఇలాంటి ర్యాపర్లనే.

"డీ3డీఎక్స్9_43.డీఎల్ఎల్ దొరకలేదు" అనే ఎర్రర్ మాత్రం వినడానికి భయంగా ఉన్నా అతి చిన్న సమస్య. డైరెక్ట్‌ఎక్స్ 12 ఉంటే పాతవన్నీ అందులోనే ఉంటాయని అనుకుంటాం. డైరెక్ట్‌ఎక్స్ 9 నాటి సహాయక ఫైళ్లు విండోస్‌తో రావు, 2010 జూన్ నాటి ప్యాకేజీతో విడిగా వేసుకోవాలి.

## సాన్ ఆండ్రియాస్ విమానం ఎక్కడికి పోయింది?

ఇప్పటివరకు చెప్పినవాటిలో విండోస్ ఏదో ఒకటి తీసేసింది, లేదా కొత్త హార్డ్‌వేర్ మారిపోయింది. కొన్నిసార్లు ఎవరూ ఏమీ తీసేయకుండానే గేమ్ చెడిపోతుంది. దీనికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

జీటీఏ, అంటే గ్రాండ్ థెఫ్ట్ ఆటో సిరీస్‌లోని సాన్ ఆండ్రియాస్ గేమ్ పీసీ మీదకు 2005లో వచ్చింది. అందులో స్కిమ్మర్ అనే నీటి విమానం ఉంది. విండోస్ 11కు 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చాక ఆ విమానం గేమ్‌లో కనిపించకుండా పోయింది. మాడ్‌తో, అంటే గేమ్‌ను మార్చేందుకు బయటివాళ్లు రాసిన కోడ్‌తో, బలవంతంగా రప్పిస్తే పాత్రతో సహా ఆకాశంలోకి, ఊహకందని ఎత్తుకు ఎగిరిపోయేది. అందరూ విండోస్‌నే తిట్టారు. సైలెంట్ అనే పేరుతో ఈ గేములకు ఏళ్లుగా ప్యాచ్‌లు, అంటే దిద్దుబాట్లు, రాస్తున్న మాడర్ ఒకరు కోడ్‌ను కూలంకషంగా తవ్వి, 2025 ఏప్రిల్‌లో కారణం బయటపెట్టారు.

గేమ్‌లోని వాహనాల వివరాలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో, వరసకు ఒక వాహనం చొప్పున ఉంటాయి. స్కిమ్మర్ వరసలో చక్రాల సైజు చెప్పే అంకెలు రాయడం మర్చిపోయారు. బహుశా దానికీ ఒక కారణం ఉంది. అంతకుముందు వచ్చిన వైస్ సిటీలో ఇదే విమానం పడవల జాబితాలో ఉండేది, పడవకు చక్రాలు అక్కర్లేదు. సాన్ ఆండ్రియాస్‌లో దాన్ని విమానాల్లోకి మార్చినప్పుడు ఆ అంకెలు చేరలేదు.

మరి ఇరవై ఏళ్లు ఎలా నడిచింది? ఫైల్‌లో ఒక్కో వరస చదివినప్పుడల్లా గేమ్ ఆ అంకెల్ని మెమరీలో ఒక తాత్కాలిక చోట రాసుకునేది, ముందున్నవాటిని తుడవకుండానే. పలక తుడవకుండా దాని మీదే కొత్త లెక్క వేసినట్టు. స్కిమ్మర్ వరసలో చక్రాల అంకెలు లేకపోయేసరికి, అంతకుముందు వరసలోని వ్యాన్ చక్రాల అంకెలే అక్కడ మిగిలేవి. విమానం ఆ వ్యాన్ చక్రాల సైజుతో హాయిగా ఎగిరేది. రెండు వరసలు చదవడానికి మధ్య విండోస్ తన పని తాను చేసుకునేది గానీ, మెమరీలో ఆ చోటు వరకు వచ్చేది కాదు. 24హెచ్2లో మైక్రోసాఫ్ట్ లోపలి ఒక ఫంక్షన్‌ను మార్చింది. అది ఇదివరకటి కన్నా కాస్త ఎక్కువ మెమరీ వాడుతుంది. ఆ చోటి అంకెలు చెదిరిపోయి చక్రాల సైజు అర్థంలేని సంఖ్య అయింది. విమానం నేల మీద ఎంత ఎత్తున నిలబడాలో ఆ సైజు నుంచే లెక్క కడతారు కాబట్టి అది అంతరిక్షానికి పోయింది.

ఇందులో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఏ మాటనూ తప్పలేదు. ఆ చోటును ముట్టుకోనని అది ఎవరికీ చెప్పలేదు. తప్పు గేమ్‌ది. కానీ ఆ తప్పు 2005లో పీసీ మీద ఆడేవాళ్లకు కనిపించలేదు. ఇలా తెలియకుండా అదృష్టం మీద నిలబడ్డ కోడ్ పాత గేముల్లో ఎంత ఉందో, అది విరిగేదాకా తెలియదు.

## కంపాటబిలిటీ మోడ్ అసలు ఏం చేస్తుంది

గేమ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే కనిపించే కంపాటబిలిటీ ట్యాబ్‌లో "విండోస్ ఎక్స్‌పీ" ఎంచుకుంటే లోపల ఎక్స్‌పీ నడుస్తుందని చాలామంది నమ్మకం. అలా ఏమీ జరగదు. గేమ్ "నువ్వు ఏ విండోస్?" అని అడిగితే "ఎక్స్‌పీని" అని అబద్ధం చెబుతుంది. దాంతో పాటు ఎక్స్‌పీ నాటి కొన్ని ప్రవర్తనలను అనుకరిస్తుంది. వీటిని షిమ్‌లు అంటారు. గేమ్ వెర్షన్ నంబర్ చూసి భయపడి ఆగిపోతుంటే ఇది చాలు. 16 బిట్ ఇన్‌స్టాలర్‌కు గానీ, లేని గ్లైడ్ కార్డుకు గానీ ఇది ఏమీ చేయలేదు. అందుకే ఈ ట్యాబ్ ఒకరికి పనిచేసి ఇంకొకరికి చేయదు.

ఇలా గేమ్ కోసం విండోస్ సర్దుకోవడం పాత అలవాటే. సిమ్‌సిటీ గేమ్, వాడి వదిలేసిన మెమరీని వెంటనే మళ్లీ చదివేది. విండోస్ 3.1లో ఆ తప్పు బయటపడలేదు, విండోస్ 95 తయారీలో గేమ్ కూలిపోవడం మొదలైంది. మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు, నడుస్తున్నది సిమ్‌సిటీ అని తెలిస్తే మెమరీని వెంటనే తీసేయకుండా ఉండే ప్రత్యేక కోడ్ విండోస్ 95లోనే రాశారు. కొత్త విండోస్ కొన్నవాళ్లు తమ గేమ్ ఆడకపోతే గేమ్‌ను కాదు, విండోస్‌ను తప్పుపడతారని వాళ్లకు తెలుసు.

## తాళాలు: గేమ్ బాగున్నా తెరుచుకోని కేసు

2000ల మొదట్లో పెద్ద కంపెనీల సీడీల్లో సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ అనే కాపీ ప్రొటెక్షన్ పద్ధతులు ఉండేవి. సేఫ్‌డిస్క్ డిస్క్ మీద కావాలని కొన్ని చెడ్డ సెక్టార్లు పెట్టేది. మామూలుగా కాపీ కొడితే అవి రావు. అవి ఉన్నాయో లేవో చూడ్డానికి విండోస్ లోలోపల, కెర్నెల్ స్థాయిలో ఒక డ్రైవర్ నడవాలి. ఆ డ్రైవర్‌ను మైక్రోసాఫ్టే విండోస్‌తో పాటు ఇచ్చేది. 2007లో దానిలో తీవ్రమైన సెక్యూరిటీ లోపం బయటపడింది. 2015లో విండోస్ 10 ఆ డ్రైవర్ లేకుండానే వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఒక అప్‌డేట్‌తో విస్టా నుంచి 8.1 వరకు ఉన్న విండోస్‌లలో కూడా దాన్ని ఆపేశారు.

మైక్రోసాఫ్ట్ వాదన న్యాయమైనదే. కొన్ని పాత గేముల కోసం కోట్ల కంప్యూటర్లలో కెర్నెల్ దాకా పోయే ఒక బలహీనమైన డ్రైవర్‌ను ఉంచడం ఎవరికీ క్షేమం కాదు. కానీ ఫలితం చూడండి. డబ్బు పెట్టి అసలు సీడీ కొన్నవాళ్ల గేమ్ ఆగిపోయింది. తాళం తీసేసిన దొంగ కాపీ మాత్రం విండోస్ 11లోనూ నడుస్తుంది. అప్పట్లో విశాఖలో చేతులు మారిన సీడీల్లో ఎక్కువ భాగం క్రాక్ చేసినవేనన్నది దాచాల్సిన సంగతి కాదు. నిజాయితీగా కొన్న కొద్దిమందికే ఈ దెబ్బ తగలడం నాకు బాధ కలిగించే విషయం.

సర్వర్ల కథ ఇంకా కష్టం. గేమ్‌స్పై సర్వీస్ 2014 మే 31న ఆగిపోయింది. దాని మీద ఆధారపడ్డ ఎన్నో గేముల్లో ఆన్‌లైన్ ఆట ఒక్కసారిగా పోయింది. జీటీఏ 4 అయితే అమ్మకానికే దూరమైంది. దాని తాళం మైక్రోసాఫ్ట్ పాత ఆన్‌లైన్ సర్వీస్ "గేమ్స్ ఫర్ విండోస్ లైవ్"తో ముడిపడి ఉండడంతో కొత్త యాక్టివేషన్ కీలు పుట్టించే వీలు లేక 2020 జనవరిలో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్ నుంచి తీసేయాల్సి వచ్చింది. ఆ ముడి విప్పి మార్చి నెలలో మళ్లీ తెచ్చారు. కంపెనీ పట్టించుకుంది కాబట్టి రెండు నెలల్లో అయింది. మూతపడ్డ కంపెనీల గేములకు ఆ భాగ్యం లేదు.

బిట్లు, రంగులు, స్పీడ్ సమస్యలను బయటివాళ్లు ఓపికగా ఒక్కొక్కటే పరిష్కరించారు. మనిషి అనుమతి మీద ఆధారపడ్డ భాగమే, అంటే తాళం, సర్వర్, లైసెన్స్, గట్టిగా చచ్చిపోతోంది. పాత గేములు పోవడానికి కారణం టెక్నాలజీ మారిపోవడం అని రాసినప్పుడల్లా ఈ తేడా కనుమరుగవుతుంది.

## మన చట్టం ఏమంటోంది

భారత కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనల కిందే చూస్తుంది. సెక్షన్ 52లో ఒక వెసులుబాటు ఉంది. చట్టబద్ధంగా ప్రోగ్రామ్ కాపీ ఉన్న వ్యక్తి, అది ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి, లేదా పాడైపోకుండా జాగ్రత్త కోసం కాపీ తీసుకోవచ్చు. సముద్రపు గాలికి, తేమకు సీడీల మీద బూజు పట్టే మన ఊళ్లో ఇది చాలా ఉపయోగపడే హక్కు.

2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఎ, రక్షణ తాళాల్ని ఛేదించడాన్ని నేరం చేసింది. శిక్ష రెండేళ్ల వరకు జైలు, జరిమానా. అయితే కాపీరైట్ హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే అని ఆ సెక్షన్‌లోనే ఉంది. కొన్న సీడీని ఇంట్లో ఆడుకోవడానికి తాళం దాటడం వేరు, తాళం తీసిన కాపీని పంచడం వేరు అనే వాదనకు ఆ మాటలు బలమిస్తాయి. "అబాండన్‌వేర్", అంటే ఎవరూ అమ్మని పాత గేమ్ కాబట్టి ఉచితం అనే భావనకు మాత్రం చట్టంలో చోటు లేదు. అమ్మడం మానేసినంత మాత్రాన హక్కు పోదు.

## బాధ్యత ఎవరిది: భిన్నమైన వాదనలు

ఆపరేటింగ్ సిస్టమ్ కంపెనీలకే ఏకాభిప్రాయం లేదు. ఆపిల్ 2019లో మ్యాక్ కోసం తెచ్చిన కాటలినా వెర్షన్‌తో 32 బిట్ ప్రోగ్రాముల్ని పూర్తిగా ఆపేసింది. మ్యాక్ మీద ఎన్నో పాత గేములు ఒక్క అప్‌డేట్‌తో పోయాయి. పాత బరువు దించుకుంటేనే సిస్టమ్ శుభ్రంగా, సురక్షితంగా ఉంటుందనేది వాళ్ల లెక్క. మైక్రోసాఫ్ట్ ఆ బరువు మోస్తూ, భద్రతకు అడ్డొచ్చిన చోట మాత్రం దించుతోంది. రెండింటికీ ఖర్చుంది, ఒకటి యూజర్ మీద పడుతుంది, ఇంకొకటి ఇంజనీర్ల మీద.

గేమ్ కంపెనీలు, పాతదాన్ని అమ్మాలంటే లైసెన్సులు అడ్డం అంటాయి. సాన్ ఆండ్రియాస్ రేడియోలోని కొన్ని పాటల్ని 2014లో ఒక అప్‌డేట్‌తో తీసేయాల్సి వచ్చింది. రీమాస్టర్, అంటే పాత గేమ్‌ను కొత్త మెషీన్ల కోసం మెరుగుపరిచి మళ్లీ తేవడం, అందుకే మంచి దారి అనేది వాళ్ల మాట. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగానికి 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ ఆ మాటను నిజం చేసింది. 2021లో వచ్చిన జీటీఏ మూడు గేముల రీమాస్టర్ ఎన్ని లోపాలతో వచ్చిందంటే జీటీఏ కంపెనీ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. పైగా దానికి ముందు పాత వెర్షన్లను స్టోర్ల నుంచి తీసేశారు. అదే ఏడాది, జీటీఏ 3, వైస్ సిటీ కోడ్‌ను తిరగదోడి కొత్త మెషీన్ల కోసం మళ్లీ రాసిన అభిమానుల మీద రాక్‌స్టార్ మాతృసంస్థ టేక్-టూ కేసు వేసింది. కంపెనీ వైపు నుంచి చూస్తే అది తమ ఆస్తి, అనుమతి లేకుండా పంచారు. అభిమానుల వైపు నుంచి చూస్తే అసలు గేమ్ ఫైళ్లు ఉన్నవాళ్లకే పనికొచ్చే ఇంజిన్ అది.

వేరే దారి పట్టినవాళ్లూ ఉన్నారు. ఇద్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ 1997 డిసెంబర్‌లో తన డూమ్ గేమ్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. ఆ గేమ్ ఇవాళ నడవని యంత్రం వెతకడం కష్టం. పోలండ్‌కు చెందిన జీఓజీ అనే ఆన్‌లైన్ స్టోర్ 2008 నుంచి పాత గేముల్ని తాళం లేకుండా, కొత్త విండోస్‌లో నడిచేలా సర్ది అమ్ముతోంది. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇవాళ మార్కెట్లో దొరకవు. లైబ్రరీలు వాటిని పరిశోధకులకు దూరం నుంచి ఆడే వీలు కల్పించేందుకు మినహాయింపు అడిగితే, 2024 అక్టోబర్‌లో అక్కడి కాపీరైట్ ఆఫీసు ఒప్పుకోలేదు. అలా ఇస్తే పాత గేముల మార్కెట్ దెబ్బతింటుందనేది పరిశ్రమ అభ్యంతరం. యూరప్‌లో, సర్వర్ మూసేసినా గేమ్ ఆడే స్థితిలో వదలాలని కోరే "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ఉద్యమానికి 2025 జులైలో పది లక్షలు దాటి సంతకాలు వచ్చాయి.

ఈ వాదనలన్నిటికీ బయట మిగిలిపోయే గేమ్ ఒకటి మన దగ్గర ప్రతి పౌచ్‌లోనూ ఉంటుంది. ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07, 2006 నవంబర్‌లో వచ్చింది. ఆ తర్వాత ఆ సిరీస్ ఆగిపోయింది. దానికి రీమాస్టర్ లేదు, స్టీమ్‌లోనూ జీఓజీలోనూ అమ్మకానికి లేదు. సాంకేతికంగా చూస్తే అది 32 బిట్ డైరెక్ట్‌ఎక్స్ గేమ్, కొత్త విండోస్‌లోకి తెచ్చుకోవడం పెద్ద పని కాదు. ఇన్నేళ్లూ దాన్ని బతికించింది కొత్త జట్లు, జెర్సీలు, ఐపీఎల్ టీములు చేర్చి ప్యాచ్‌లు తయారుచేసిన అభిమానులు. డబ్బిచ్చి చట్టబద్ధంగా కొనుక్కోవాలనుకున్న విశాఖ కుర్రాడికి ఇవాళ దాని కొత్త కాపీ అమ్మే స్టోర్ లేదు. ఎవరి ఇంట్లోనైనా మిగిలిన అసలు సీడీ చేతులు మారాలి, అంతే.